మూడు టీవీల మీటింగ్ రూమ్‌కు 8×8 మ్యాట్రిక్స్ కావాలా, స్ప్లిటర్ సరిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మాదాపూర్‌లో కొత్త ఆఫీసు, ఇరవై మంది పట్టే మీటింగ్ రూమ్. ముందు గోడకు పక్కపక్కనే రెండు 75 అంగుళాల టీవీలు, వెనక వరుసవాళ్ల కోసం పక్క గోడకు ఒక 55 అంగుళాలది. టేబుల్ మీద ఒక హెచ్‌డీఎంఐ, ఒక యూఎస్‌బీ-సీ. వీడియో కాల్స్‌కు రెండు స్క్రీన్ల అవుట్‌పుట్ ఉన్న రూమ్ పీసీ. పైగా ఒక సెట్‌టాప్ బాక్స్. ఒక వెండర్ 8×8 మ్యాట్రిక్స్ (ఎనిమిది ఇన్‌పుట్లలో దేన్నైనా ఎనిమిది అవుట్‌పుట్లలో దేనికైనా పంపే బాక్స్) అని లక్షల్లో కొటేషన్ ఇచ్చాడు. ఇంకొకతను ఒక స్విచ్, ఒక స్ప్లిటర్ పెడితే వేలల్లో అయిపోతుందన్నాడు. ఫాల్స్ సీలింగ్ మూయడానికి పది రోజులే ఉంది. ఏది తీసుకోవాలి, అసలు వైర్‌లెస్‌తో సరిపెట్టుకోవచ్చా అని అడిగారు.

సూటిగా చెబుతాను. ఆ రెండూ వద్దు. ప్రతి అవుట్‌పుట్‌కూ సొంత స్కేలర్ (బొమ్మను టీవీకి తగ్గ రిజల్యూషన్‌కు మార్చే భాగం) ఉన్న 4×4 సీమ్‌లెస్ మ్యాట్రిక్స్ తీసుకోండి. టీవీల వైపు, టేబుల్ వైపు హెచ్‌డీబేస్‌టీ (లాన్‌కు వాడే క్యాట్ కేబుల్ మీద వీడియో పంపే పద్ధతి) మీద వెళ్లండి. సెట్‌టాప్ బాక్స్‌ను మ్యాట్రిక్స్‌లోకి తేవద్దు. ఈ పది రోజుల్లో తేల్చాల్సింది ఏ బాక్స్ కొనాలన్నది కాదు, సీలింగ్ పైన ఏ కేబుల్ వేయాలన్నది. బాక్స్ వచ్చే నెల కొన్నా నష్టం లేదు. కేబుల్‌కు ఆ వెసులుబాటు ఉండదు.

కాన్ఫరెన్స్ రూమ్‌లకు ఆడియో వీడియో డిజైన్ చేసి, పెట్టించి, ఆ తర్వాత వచ్చే ఫోన్లు కూడా ఎత్తడం నా వృత్తి. హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు ఎక్కువగా పనిచేస్తాను. కాబట్టి కారణాలు కాస్త వివరంగా రాస్తాను.

ముందు పోర్టులు లెక్కపెట్టకండి, మీటింగులు లెక్కపెట్టండి. ఒక కాగితం తీసుకుని, ఈ రూమ్‌లో ఏయే రకం మీటింగులు జరుగుతాయో, అప్పుడు ఏ టీవీ మీద ఏం కనబడాలో రాయండి. మీరు చెప్పినదాన్ని బట్టి నాకు మూడు కనిపిస్తున్నాయి. క్లయింట్ కాల్ అయితే ఎడమ టీవీలో అవతలివాళ్ల ముఖాలు, కుడి టీవీలో స్లైడ్లు, పక్క గోడ టీవీలోనూ స్లైడ్లే. ఇంటర్నల్ రివ్యూ అయితే ఎడమన ఒకరి ఎక్సెల్, కుడిన ఇంకొకరి డ్యాష్‌బోర్డ్. ట్రైనింగ్ అయితే మూడింటిలోనూ ఒకే ల్యాప్‌టాప్.

మధ్యలోది చూడండి. రెండు వేర్వేరు ల్యాప్‌టాప్‌లు, ఒకే సమయంలో, రెండు టీవీల మీద. స్విచ్ చేసేది నాలుగింటిలో ఒకదాన్ని ఎంచడం. స్ప్లిటర్ చేసేది ఆ ఒక్కదాన్నే అన్ని టీవీలకూ పంచడం. ఈ రెండూ కలిపినా రెండు బొమ్మలు ఒకేసారి రావు. మీకు ట్రైనింగ్ ఒక్కటే అవసరమై, మూడు టీవీలూ ఒకే మోడల్ అయ్యుంటే రెండో వెండర్ మాటే నేనూ చెప్పేవాణ్ని.

మరి 8×8 ఎందుకు వద్దు? ఇన్‌పుట్లు లెక్కేద్దాం. రూమ్ పీసీవి రెండు, టేబుల్ నుంచి రెండు, మొత్తం నాలుగు. అవుట్‌పుట్లు మూడు టీవీలకు మూడు అనుకుంటారు గానీ, ఇక్కడే చాలా కొటేషన్లు తప్పుతాయి. టేబుల్ మీది ల్యాప్‌టాప్‌లో ఉన్నది కాల్‌లో అవతలివాళ్లకూ కనబడాలంటే, ఆ బొమ్మ రూమ్ పీసీ క్యాప్చర్ ఇన్‌పుట్‌లోకి (బయటి వీడియోను పీసీలోకి తీసుకునే పోర్టు) కూడా వెళ్లాలి. అదీ ఒక అవుట్‌పుట్టే. అంటే నాలుగు. మీ రూమ్‌కు 4×4 సరిగ్గా అతుకుతుంది. 8×8లో సగం పోర్టులు ఎప్పటికీ ఖాళీగా ఉంటాయి, వాటికి మాత్రం డబ్బు కట్టేస్తారు. పక్క రూమ్‌ను కూడా దీనికే కలిపే ఆలోచన ఉంటే అప్పుడు మళ్లీ మాట్లాడదాం.

ఒక జాగ్రత్త. రూమ్ పీసీ నుంచి వచ్చే బొమ్మ తిరిగి అదే రూమ్ పీసీ క్యాప్చర్‌లోకి వెళ్లకుండా ఆ రూట్‌ను సెట్టింగ్స్‌లో బ్లాక్ చేయించండి. లేకపోతే ఎవరో ఒక బటన్ నొక్కగానే కాల్‌లో తెరలో తెర, దానిలో ఇంకో తెర కనిపిస్తుంది. క్లయింట్ ముందు అది జరిగితే అందరూ టెన్షన్ పడతారు.

సెట్‌టాప్ బాక్స్ ఎందుకు వద్దన్నానంటే, దాన్ని మీరు బడ్జెట్ రోజునో, క్రికెట్ ఫైనల్ రోజునో చూస్తారు. దానికోసం ఒక ఇన్‌పుట్ పెంచితే 4×4 దాటి పెద్ద సైజుకు పోవాలి. ఎడమ టీవీ రెండో హెచ్‌డీఎంఐ పోర్టుకు నేరుగా పెట్టేయండి. అప్పుడు కాల్ ఉండదు కాబట్టి టీవీ స్పీకరే చాలు.

ఇప్పుడు స్కేలర్ సంగతి. మీ ఖర్చంతా దీని చుట్టూనే తిరుగుతుంది కాబట్టి ఇది అర్థం చేసుకోవాలి.

ల్యాప్‌టాప్‌ను టీవీకి కలపగానే ముందు టీవీ తన వివరాలు చెబుతుంది: నేను ఏయే రిజల్యూషన్ తీసుకోగలను, ఎన్ని హెర్ట్జ్, ఏ ఆడియో అని. దాన్ని ఈడీఐడీ అంటాం. ల్యాప్‌టాప్ దాన్ని చదివి, దానికి తగ్గ సిగ్నల్ పంపుతుంది. మధ్యలో స్ప్లిటర్ పెట్టి, మూడు రకాల టీవీలు తగిలిస్తే ఆ ల్యాప్‌టాప్ ఎవరి మాట వినాలి? కొన్ని స్ప్లిటర్లు మొదటి పోర్టులోని టీవీ వివరాలే చెబుతాయి. అప్పుడు ఆ రిజల్యూషన్ తీసుకోలేని టీవీలో "నో సిగ్నల్" అని వస్తుంది. మరికొన్ని అన్నిటికన్నా తక్కువ స్థాయి టీవీ వివరాలు చెబుతాయి. అప్పుడు మీ 55 అంగుళాలది 1080పీ అయితే, రెండు పెద్ద 4కే టీవీలు కూడా 1080పీకే పడిపోతాయి. రెండో వెండర్ సెటప్‌లో మీకు ఎదురయ్యేది ఇదే.

ప్రతి అవుట్‌పుట్‌కూ స్కేలర్ ఉంటే ఈ తగువు ఉండదు. ల్యాప్‌టాప్ ఏది పంపినా, ఆ టీవీకి ఏది నప్పుతుందో దాన్నే మ్యాట్రిక్స్ తయారుచేసి ఇస్తుంది. పైగా టీవీకి వెళ్లే సిగ్నల్ ఎప్పుడూ ఆగదు, లోపల బొమ్మ మాత్రమే మారుతుంది. సీమ్‌లెస్ అంటే ఇదే. మామూలు మ్యాట్రిక్స్‌లో సోర్సు మార్చిన ప్రతిసారీ టీవీ నల్లబడి, కొన్ని సెకన్లు వెతుక్కుని, మూలన "హెచ్‌డీఎంఐ 1" అని చూపించి, అప్పుడు బొమ్మ ఇస్తుంది. ఆ కొన్ని సెకన్లలో మాట్లాడుతున్నవాళ్లు ఆగిపోతారు, ఇంకొకరు లేచి కేబుల్ కదుపుతారు. కేబుల్ కదపగానే మళ్లీ మొదటికి వస్తుంది.

అయితే "సీమ్‌లెస్" అని రాసి ఉంటే నమ్మేయకండి. కొన్ని మోడళ్లు 4కే తీసుకుంటాయి గానీ సీమ్‌లెస్ మోడ్‌లో 1080పీనే బయటికి ఇస్తాయి. కొన్ని 4కే ఇస్తాయి గానీ 30 హెర్ట్జే. డేటాషీట్‌లో "4కే 60 హెర్ట్జ్ 4:4:4, 18 జీబీపీఎస్" అని ఇన్‌పుట్‌కూ అవుట్‌పుట్‌కూ విడివిడిగా ఉందా అని చూడండి. 4:4:4 అంటే రంగుల సమాచారం తగ్గించకుండా పూర్తిగా పంపడం. 10.2 జీబీపీఎస్ అని ఉంటే అది పాత తరం. దానిలో 4కే 60 రావాలంటే రంగుల సమాచారం తగ్గించి 4:2:0గా పంపాలి. సినిమా చూసేటప్పుడు ఆ తేడా తెలియదు. ఎక్సెల్‌లో తెలుస్తుంది. ముదురు రంగు గడిలో ఎర్ర అక్షరాలతో చిన్న ఫాంట్ పెట్టి, టీవీకి రెండడుగుల దూరంలో నిలబడి చూడండి. అక్షరం అంచులు అలుక్కుపోయి, ఎరుపు పక్కకు కారినట్టు కనిపిస్తే అదే కారణం. డెమోలో నేను ముందు పెట్టించే పరీక్ష ఇదే, ఎందుకంటే వెండర్ చూపించే జలపాతాల వీడియోలో ఈ లోపం బయటపడదు.

వెనక వరుసకు తెర సైజు సరిపోతుందా అని అడుగుతారేమో. 75 అంగుళాల టీవీ ఎత్తు సుమారు 93 సెంటీమీటర్లు. స్లైడ్ల మీది అక్షరాలు చదవాలంటే, చివరి మనిషి తెర ఎత్తుకు ఆరు రెట్ల దూరం లోపల ఉండాలని మా పనిలో పాత లెక్క. అంటే ఐదున్నర మీటర్లు, సుమారు పద్దెనిమిది అడుగులు. మీ రూమ్ పొడవు దానికన్నా ఎక్కువ కాబట్టి పక్క గోడ టీవీ పెట్టడం మంచి నిర్ణయమే. దానికి ఎప్పుడూ కంటెంట్ మాత్రమే పంపండి, ముఖాలు వద్దు.

తర్వాత హెచ్‌డీసీపీ. ఇది కాపీరైట్ కంటెంట్ కోసం పెట్టిన తాళం. టీవీలో అంతా బాగా కనిపిస్తుంది గానీ, కాల్‌లో అవతలివాళ్లకు నల్ల తెర కనిపిస్తుంది. బేగంపేటలో ఒక ఆఫీసు బోర్డ్ రూమ్‌లో నెలల తరబడి ఇదే సమస్య. కేబుళ్లు మార్చారు, రూమ్ పీసీ కూడా మార్చారు. వెళ్లి చూస్తే విండోస్ ల్యాప్‌టాప్‌లతో బాగానే ఉంది, మ్యాక్‌బుక్ పెడితేనే నలుపు. మ్యాక్‌బుక్ స్వభావం అది: అవతలి పరికరం హెచ్‌డీసీపీకి సిద్ధమని చెబితే, మామూలు స్లైడ్లకు కూడా తాళం వేసే పంపుతుంది. క్యాప్చర్ పరికరం తాళం ఉన్న బొమ్మను తీసుకోదు. మ్యాట్రిక్స్ సెట్టింగ్స్‌లో ఆ టేబుల్ ఇన్‌పుట్‌కు హెచ్‌డీసీపీ ఆఫ్ చేస్తే ల్యాప్‌టాప్ తాళం వేయడం మానేస్తుంది. అక్కడ అలాగే తీరింది. అందుకే ఇన్‌పుట్ వారీగా హెచ్‌డీసీపీ ఆఫ్ చేసే సౌకర్యం ఉందా అని కొనేముందే రాతపూర్వకంగా అడగండి. చవక మోడళ్లలో చాలావాటికి ఇది ఉండదు.

ఇక కేబుల్. మీ సీలింగ్ మూతపడుతోంది కాబట్టి ఇది మీకు అన్నిటికన్నా అర్జెంటు.

మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్‌తో 4కే 60 నమ్మకంగా వెళ్లేది ఐదు మీటర్ల లోపే. మీ రాక్ (మ్యాట్రిక్స్, రూమ్ పీసీ పెట్టే చోటు) నుంచి టీవీకి గాలిలో గీత గీస్తే ఎనిమిది మీటర్లు ఉండొచ్చు, కానీ కేబుల్ గాలిలో పోదు. రాక్ నుంచి పైకి ఎక్కి, ఏసీ డక్ట్ చుట్టూ తిరిగి, గోడలోంచి దిగేసరికి రెట్టింపు అవుతుంది. ఒక తాడు తీసుకుని ఆ దారి వెంటే కొలిపించండి. ఆ దూరానికి హెచ్‌డీబేస్‌టీ సరైనది. అది మామూలు క్యాట్ కేబుల్ మీదే వీడియోను తీసుకెళ్తుంది, క్యాట్ 6ఏ మీద 100 మీటర్ల వరకు. పాత 2.0 తరంలో 4కే 60 4:4:4 పంపాలంటే కొద్దిగా కంప్రెస్ చేస్తారు. 3.0లో కంప్రెషన్ లేకుండా 18 జీబీపీఎస్ పూర్తిగా పోతుంది. మీ స్లైడ్లకు మంచి కంపెనీ 2.0 సెట్ అయినా చాలు, ఎక్సెల్ పరీక్షలో పాసవ్వాలి అంతే.

కేబుల్ షీల్డ్ ఉన్న క్యాట్ 6ఏ, లోపల గట్టి రాగి తీగ అయ్యుండాలి. మార్కెట్లో రాగి పూత వేసిన అల్యూమినియం కేబుల్ కూడా అదే రేటుకు అమ్ముతున్నారు. పరీక్ష తేలిక: ఒక తీగ పైతొడుగు తీసి, బ్లేడుతో ఉపరితలం గీకండి. గీకిన చోట తెల్లగా మెరిస్తే అల్యూమినియం, వెనక్కి పంపేయండి. బాక్స్ ఎత్తి చూసినా తెలుస్తుంది, రాగి బరువుగా ఉంటుంది. ప్రతి టీవీకి రెండేసి కేబుళ్లు లాగించండి, ఒకటి స్పేర్. టేబుల్‌కు మూడు. కరెంటు పైపుకు ఒక అడుగు దూరం ఉంచండి. మధ్యలో జాయింట్లు, ప్యాచ్ ప్యానెల్ వద్దు.

ఆ కేబుల్ చివర కనిపించే పిన్ లాన్ పిన్నే, కానీ అది నెట్‌వర్క్ కాదు. దాన్ని నెట్‌వర్క్ స్విచ్‌లో పెట్టకూడదు. గచ్చిబౌలిలో ఒక ఆఫీసులో కొత్తగా వచ్చిన ఐటీ అబ్బాయి రాక్ సర్దుతూ ఈ రెండు కేబుళ్లను కూడా పక్కనే ఉన్న స్విచ్‌లో పెట్టేశాడు. తెల్లారి మీటింగుకు రెండు టీవీలూ రాలేదు. అతని తప్పు కాదు, కేబుల్ మీద ఏమీ రాసి లేదు. ఎర్ర రంగు కేబుల్ వాడి, రెండు చివరలా "వీడియో, లాన్ కాదు" అని లేబుల్ వేయించండి.

టేబుల్ దగ్గర ఒక మెలిక ఉంది. యూఎస్‌బీ-సీ కేబుల్ ఒకటి రెండు మీటర్లు దాటితే నమ్మలేం, కాబట్టి టేబుల్ కింద ఒక ట్రాన్స్‌మిటర్ (ల్యాప్‌టాప్ సిగ్నల్‌ను క్యాట్ కేబుల్ మీదకు ఎక్కించే పెట్టె) వస్తుంది. హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ-సీ రెండూ ఉన్న ట్రాన్స్‌మిటర్ ఒకటి చూపించి వెండర్ "రెండూ అయిపోయాయి సార్" అంటాడు. దాని నుంచి రాక్‌కు వచ్చేది ఒకే కేబుల్ అయితే, రెండు ల్యాప్‌టాప్‌లలో ఒకటే వస్తుంది. మీ ఇంటర్నల్ రివ్యూ అక్కడే ఆగిపోతుంది. రెండు ట్రాన్స్‌మిటర్లు, రెండు కేబుళ్లు కావాలని స్పష్టంగా చెప్పండి. యూఎస్‌బీ-సీ ల్యాప్‌టాప్‌ను ఛార్జ్ కూడా చేయాలి, కనీసం 60 వాట్లు ఇచ్చేది చూడండి. బయటి నుంచి వచ్చేవాళ్లు తమ ల్యాప్‌టాప్‌తోనే రూమ్ కెమెరా వాడుకోవాలంటే యూఎస్‌బీ కూడా రావాలి. హెచ్‌డీబేస్‌టీ తీసుకెళ్లేది యూఎస్‌బీ 2.0 మాత్రమే. మీ కెమెరా యూఎస్‌బీ 3.0 అడిగేదైతే దానికి వేరే ఎక్స్‌టెండర్ కావాలి.

సౌండ్ గురించి ఒక్క మాట: కాల్స్‌లో మూడు టీవీల స్పీకర్లూ ఆఫ్. మ్యాట్రిక్స్ నుంచి ఆడియో విడిగా తీసి రూమ్ ఆడియో సిస్టమ్‌కు ఇవ్వండి. టీవీ నుంచి వచ్చే శబ్దం ఎకో క్యాన్సలేషన్ (ప్రతిధ్వనిని తీసేసే ఏర్పాటు) లెక్కలో ఉండదు, అవతలివాళ్లకు వాళ్ల గొంతే తిరిగి వినబడుతుంది.

బటన్ల విషయంలో నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. టచ్ ప్యానెల్ మీద నాలుగు ఇన్‌పుట్లు, నాలుగు అవుట్‌పుట్లు గడులుగా పెడితే ఎవరూ వాడరు. మీరు కాగితం మీద రాసిన మీటింగుల పేర్లే బటన్లు కావాలి: "కాల్", "రివ్యూ", "ట్రైనింగ్", "ఆఫ్". నాలుగు బటన్ల కీప్యాడ్ చాలు. ఆటో స్విచింగ్ ఆపేయండి. ఒకరు ప్రజెంట్ చేస్తుండగా పక్కవాళ్ల ల్యాప్‌టాప్ నిద్ర లేస్తే తెర వాళ్లకు వెళ్లిపోతుంది, అందులో వాళ్ల మెయిల్ తెరిచి ఉండొచ్చు.

కరెంటు. మ్యాట్రిక్స్, ట్రాన్స్‌మిటర్లు, రూమ్ పీసీ అన్నీ యూపీఎస్ మీద ఉండాలి. జనరేటర్‌కు మారే ఆ క్షణంలో మ్యాట్రిక్స్ రీస్టార్ట్ అయితే, పాత సీన్‌కు (ఏ టీవీలో ఏ బొమ్మ అన్న అమరికకు) తిరిగి వస్తుందో లేదో మెయిన్ ఆపి మీరే చూడండి. టీవీలు కూడా ఇంటి మోడళ్లు కాకుండా కమర్షియల్ డిస్‌ప్లేలు అయితే, కరెంటు పోయి వచ్చాక వాటంతట అవే ఆన్ అయ్యే సెట్టింగ్ ఉంటుంది, లాన్ ద్వారా కంట్రోల్ చేయొచ్చు. రాక్‌ను తలుపులు మూసిన చెక్క అల్మారాలో పెడితే వెనక గాలి రంధ్రాలు, ఒక చిన్న ఫ్యాన్ పెట్టించండి. మన మే నెలలో సాయంత్రం బిల్డింగ్ ఏసీ ఆపాక ఆ అల్మారాలో చెయ్యి పెట్టి చూస్తే ఎందుకు చెబుతున్నానో తెలుస్తుంది.

వైర్‌లెస్ అడిగారు. అదనంగా పెట్టుకోండి, దానిమీదే ఆధారపడకండి. స్లైడ్లకు బాగుంటుంది. వీడియోలో ఆలస్యం వస్తుంది, క్లయింట్ కంపెనీ ల్యాప్‌టాప్‌లో యాప్ పెట్టనివ్వరు, గెస్ట్ వైఫై దగ్గర ఐటీవాళ్లతో వేరే పంచాయితీ. పెడితే టేబుల్ హెచ్‌డీఎంఐ స్థానంలో కాదు. రూమ్ పీసీలోనే ఆ సౌకర్యం ఉంటే మ్యాట్రిక్స్ పోర్టు కూడా ఖర్చు కాదు. ఇక నెట్‌వర్క్ మీద వీడియో పంపే పద్ధతి గురించి ఎవరైనా చెబితే, అది చాలా రూములు, టౌన్‌హాల్ ఉన్న క్యాంపస్‌లకు. ఒక్క రూమ్‌కు అనవసరం.

కొనేటప్పుడు: ఎక్స్‌ట్రాన్, క్రెస్ట్రాన్, క్రేమర్, ఏటెన్ లాంటి కంపెనీల్లో మీ బడ్జెట్‌కు తగ్గది అధీకృత డీలర్ దగ్గరే తీసుకోండి. చిన్న ప్యాచ్ కేబుళ్లు, అడాప్టర్లు సికింద్రాబాద్ సీటీసీలోనో, కోఠి గుజరాతీ గల్లీలోనో దొరుకుతాయి, మ్యాట్రిక్స్‌ను మాత్రం అక్కడ వెతకొద్దు. కొటేషన్లు పోల్చేటప్పుడు 18 శాతం జీఎస్టీ కలిసిందా, ఇన్‌స్టలేషన్, ప్రోగ్రామింగ్ కలిశాయా చూడండి. చవక కొటేషన్‌లో తరచుగా ప్రోగ్రామింగ్ ఉండదు.

ఆర్డర్‌కు ముందు డెమో యూనిట్ మీ రూమ్‌లోనే, మీ టీవీలకే, సీలింగ్‌లో వేసిన ఆ కేబుళ్ల మీదే నడిపించమనండి. ఆఫీసులో ఉన్న ఒక మ్యాక్‌బుక్, ఒక 4కే తెర ఉన్న విండోస్ ల్యాప్‌టాప్, అడాప్టర్‌తో పనిచేసే ఒక పాత ల్యాప్‌టాప్ తెచ్చి, మూడు సీన్లూ మార్చి మార్చి చూడండి, ఒక కాల్ పెట్టి బయట ఉన్న సహోద్యోగిని ఏం కనిపిస్తోందో అడగండి. బాక్స్ పాడైతే రిపేర్ ఎక్కడ జరుగుతుంది, ఎన్నాళ్లు పడుతుంది, అప్పటిదాకా స్టాండ్‌బై యూనిట్ ఇస్తారా అన్నది పర్చేజ్ ఆర్డర్‌లోనే రాయించుకోండి. స్టాండ్‌బై ఇస్తానని సంతకం పెట్టే డీలర్ కొంచెం ఎక్కువ చెప్పినా నేనైతే అతని దగ్గరే కొంటాను.